మీ అడ్వాన్సుల గురించి, మాకొచ్చిన సర్కారు సాయం గురించి

మా ప్రెస్సులో శుభలేఖలకు అడ్వాన్సు ఇచ్చినవాళ్ళందరికీ నమస్కారం.

ఈ 2020లో ఉగాది, లాక్‌డౌన్ ఒకేరోజు వచ్చాయి, మార్చి 25న. చైత్రం, వైశాఖం పెళ్ళిళ్ళు అలాగే పోయాయి. జరిగినవాటికీ యాభై మందే అతిథులన్నారు కాబట్టి ఫోన్‌లోనే పిలుపులైపోయాయి. అడ్వాన్సు తిరిగి అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే అడిగినవాళ్ళలో చాలామంది ఇంకోమాట కూడా అంటున్నారు: "కేంద్రం ఇరవై లక్షల కోట్లు ఇచ్చిందిగా, మీకూ ఎంతో కొంత వచ్చే ఉంటుంది." ముందు ఆ సంగతి చెబుతాను. లేకపోతే తర్వాత ఏం చెప్పినా సాకులాగే ఉంటుంది.

మే నెలలో ప్రకటించిన ఆ ప్యాకేజీలో చిన్న వ్యాపారాలకు అన్న 3 లక్షల కోట్లు బ్యాంకులిచ్చే అప్పు. పూచీ కేంద్రానిది, మనల్ని తాకట్టు అడగరు. ఫిబ్రవరి 29 నాటికి మనకున్న బాకీలో 20 శాతం ఇస్తారు. అంటే నాలుగు లక్షల బాకీ ఉంటే ఎనభై వేలు. మొదటి ఏడాది వడ్డీ కడితే చాలు, మొత్తం నాలుగేళ్ళలో తీర్చాలి. బ్యాంకు వడ్డీ 9.25 శాతం దాటకూడదు. షరతులు బాగానే ఉన్నాయి. మెషీన్ లోను నడుస్తోంది కాబట్టి నాకూ దొరికింది. పక్కనున్న లామినేషన్ షాపాయన జన్మలో అప్పు చేయలేదు. ఆయనకు ఇందులో పైసా రాదు. ఈ తిరకాసు నాకిప్పటికీ మింగుడుపడటం లేదు.

పాత అప్పుల కిస్తీలు వాయిదా వేసుకునే వెసులుబాటు, అదే మారటోరియం, ఆగస్టు 31 దాకా ఉంది. కిస్తీ ఆగింది, వడ్డీ ఆగలేదు. ప్రభుత్వమే కడతానన్న పీఎఫ్, పీఎఫ్ ఖాతాలున్నవాళ్ళకు. మా దగ్గర ఉన్న ఇద్దరికీ లేవు. లాక్‌డౌన్‌లో జీతాలు కోయొద్దని మార్చి 29న ఉత్తర్వు వచ్చింది. కోయలేదు. ఆ జీతాలకు డబ్బెక్కడిదో అందులో రాయలేదు. అద్దె అడగొద్దని అదే ఉత్తర్వులో ఉన్నమాట కార్మికులు ఉండే ఇళ్ళకు, ఒక్క నెలకు. షాపులకు కాదు. మా ఓనరుగారు ఒక నెల అద్దె వదిలేశారంటే అది ఆయన మంచితనం.

మరి మున్సిపాలిటీ? షట్టరు ఎప్పుడు తెరవాలో, వీధికి ఎప్పుడు బారికేడ్ పడాలో దాని చేతిలో ఉంది గానీ, ఇవ్వడానికి డబ్బు పెద్దగా లేదు. ఆస్తిపన్నులో ఏదైనా తగ్గించినా బిల్డింగ్ ఓనరుకు తగ్గుతుంది, అద్దెకున్న మాకు కాదు. నిజంగా దాని చేతిలో ఉన్నది ఒకటుంది, గుర్తింపు. వీధి వ్యాపారులకు జూన్‌లో పదివేల అప్పు పథకం తెచ్చారు, సమయానికి కడితే 7 శాతం వడ్డీ రాయితీ. మార్చి 24 నాటికే అమ్ముతున్నట్టు మున్సిపాలిటీ తేల్చాలి. మా మెట్ల పక్కన పూలమ్మే ఆమె పేరు మున్సిపాలిటీ వీధి వ్యాపారుల సర్వేలో లేదు, గుర్తింపు కార్డూ లేదు, కాబట్టి మున్సిపాలిటీ సిఫారసు లేఖ కావాలి. మా కంప్యూటర్‌లోనే దరఖాస్తు నింపుదామని కూర్చున్నాం. ఆధార్‌కిచ్చిన నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది, ఓటీపీ ఎక్కడికో పోతోంది. రోజూ ఆశీలు, అంటే వీధిలో అమ్ముకునేందుకు కట్టే రుసుము, వసూలుచేసే మనిషికి ఆమె పేరు, ఊరు, పిల్లల చదువులు అన్నీ తెలుసు. ఆ రశీదుల్నే సాక్ష్యంగా తీసుకుంటే ఏం పోయింది?

ఇక మీ డబ్బు. వచ్చిన అప్పులో జీతాలు, కాగితం బాకీ పోగా మిగిలింది అడ్వాన్సులకే పక్కన పెట్టాను. అందరికీ ఒకేసారి చాలదు. పెళ్ళి పూర్తిగా రద్దయినవాళ్ళకు, ఇంట్లో ఆస్పత్రి ఖర్చున్నవాళ్ళకు ముందు, ఈ నెలలోనే మొత్తం ఇచ్చేస్తాను. పెళ్ళి వాయిదా పడినవాళ్ళ అడ్వాన్సు ఏడాదిపాటు జమలో ఉంటుంది. డబ్బే కావాలంటే మూడు విడతల్లో ఇస్తాను.

అచ్చయిపోయిన కార్డులతోనే చిక్కు. తేదీ మీద స్టిక్కరు వేయమని పెళ్ళికొడుకులు, శుభమా అని ముహూర్తం మీద అతుకేమిటని పెద్దలు. నేను పెద్దల పక్షమే. కొత్త ముహూర్తంతో కార్డు లోపల పెట్టే చిన్న చీటీ వేసిస్తాను, కాగితం ఖర్చు ఇస్తే చాలు. యాభై కార్డులే కావాలన్నా వేస్తాం, కానీ ఒక్కో కార్డుకు రేటు ఎక్కువ పడుతుంది. స్క్రీన్ చేయడానికయ్యే ఖర్చు యాభైకైనా ఐదొందలకైనా ఒకటే మరి.

జూలై 21 నుంచి శ్రావణం. ఈసారి ఆశ్వయుజం అధికమాసం కాబట్టి అందరూ శ్రావణంలోనే పడతారు. మ్యాటర్ ఇప్పుడే వాట్సాప్‌లో పంపండి, ప్రూఫ్ కూడా అందులోనే చూసుకోవచ్చు. మా వీధి మళ్ళీ కంటైన్‌మెంట్‌లోకి వెళితే షట్టరు దించక తప్పదు, అందుకని డెలివరీ తేదీ చెబుతాను గానీ గ్యారంటీ ఇవ్వలేను. రద్దయినవాళ్ళు రశీదు ఫొటో పంపితే చాలు, షాపు దాకా రానక్కర్లేదు.