బోర్లాగ్‌ను ఒక్క వాక్యంతో ముగించవద్దు

సంపాదకులు గారికి నమస్కారాలు.

హరిత విప్లవం గురించి ఇటీవల మీ వ్యవసాయ పుటలో వచ్చిన వ్యాసంలో, పొట్టి గోధుమను తెచ్చి 1970లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారన్న ఒక్క వాక్యంతో నార్మన్ బోర్లాగ్ ప్రస్తావన ముగిసింది. అందులో తప్పేమీ లేదు. అయితే ఇరవై ఏళ్లకు పైగా వరంగల్ జిల్లాలో వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేసిన నాకు, ఆయన కృషిలో మన వరి రైతు ముఖ్యంగా తెలుసుకోవలసిన భాగమే విడిచిపెట్టినట్లు అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1914లో రైతు కుటుంబంలో పుట్టిన బోర్లాగ్ చదివింది మొక్కల తెగుళ్ల శాస్త్రం. 1944లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున ఆయన మెక్సికో వెళ్లేనాటికి అక్కడి గోధుమ చేలు కాండం తుప్పు తెగులుతో పదే పదే దెబ్బతింటున్నాయి. ఆ తెగులును తట్టుకునే విత్తనం తయారు చేయడమే ఆయన మొదట తలకెత్తుకున్న పని. పట్టకారుతో పువ్వులోని పుప్పొడి తిత్తులు తీసేసి, వేరొక రకం పుప్పొడి అద్ది, అలా వేలాది సంకరాలు చేసి, వాటి సంతానంలో తెగులు సోకిన మొక్కలను ఏరిపారేసి, నిలిచిన కొద్దిపాటి మొక్కల గింజలను మళ్లీ విత్తేవారు. ఏడాదికి ఒక్క పంటతో ఈ పని తెమలదని, సోనోరా మైదానంలో శీతకాలపు పంట కోసిన వెంటనే ఆ గింజలను వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని తొలూకా పీఠభూమికి తీసుకెళ్లి వేసవిలో మరో పంట వేశారు. కోసిన విత్తనానికి కొంత విశ్రాంతి ఉండాలని నమ్మిన పైఅధికారులు అడ్డుచెబితే రాజీనామాకు సైతం సిద్ధపడ్డారు. కాలం సగానికి తగ్గడమే గాక, పగటి పొడవు ఎలా ఉన్నా పండే మొక్కలు ఆయన చేతికి వచ్చాయి. ఆ గోధుమ తరువాత మన పంజాబ్‌లో పండగలిగిందంటే అదే కారణం.

పొట్టి రకాలు ఆ తరువాతి మాట. ఎరువు వేస్తే కంకి బరువెక్కి చేను పడిపోతున్నందున, జపాన్‌కు చెందిన నోరిన్ 10 అనే గోధుమ రకంలోని పొట్టి లక్షణాన్ని తన తెగులు తట్టుకునే రకాల్లోకి తెచ్చారు. మన వ్యవసాయ శాస్త్రవేత్త డాక్టర్ ఎం.ఎస్. స్వామినాథన్ చొరవతో ఆయన 1963లో మన దేశానికి వచ్చారు. 1966లో భారత్ 18,000 టన్నుల మెక్సికో విత్తనం దిగుమతి చేసుకుంది. 1965లో 1 కోటి 23 లక్షల టన్నులున్న మన గోధుమ దిగుబడి 1970 నాటికి 2 కోట్ల టన్నులు దాటింది. ఓడల్లో వచ్చే అమెరికా గోధుమ కోసం ఎదురుచూసిన తరం మాది కనుక, ఆ అంకెను నేను ఈనాటికీ తేలికగా చదవలేను. ఎరువుల అతివాడకం, అడుగంటిన భూగర్భజలాల గురించి మీ వ్యాసం చెప్పింది నిజమే. ఈ విజయం తాత్కాలికమేనని నోబెల్ ఉపన్యాసంలో బోర్లాగే హెచ్చరించారన్నది కూడా అక్కడ ఉండవలసింది.

తెగులు మాత్రం ఆయనను చివరిదాకా వదలలేదు. యుజి99 అనే కొత్త తుప్పు తెగులు 1999లో ఉగాండాలో బయటపడి, అంతవరకు తట్టుకున్న రకాలను కూడా లొంగదీసుకుంటుంటే, తొంభై దాటిన వయసులో ఆయన దేశదేశాలను అప్రమత్తం చేశారు. 2009లో కన్నుమూశారు.

మనకు తుప్పు తెగులు ఎలాంటిదో తెలియకపోవచ్చు గానీ వరి పిలకలను పాడుచేసే ఉల్లికోడు పురుగు తెలుసు. ఆలస్యంగా నాట్లు పడిన ఏడాది పర్కాల, నర్సంపేట వైపు పొలాల్లో పిలకలు ఉల్లికాడల్లా గొట్టాలుగా మారితే, గట్టు మీద నిలబడి "ఏం మందు కొట్టాలె సారూ" అని అడిగిన రైతులకు నేను చెప్పగలిగింది చాలా తక్కువ. గొట్టం కనబడిందంటే ఆ పిలక ఇక కంకి వేయదు. నిజమైన సమాధానం విత్తనంలోనే ఉంటుంది. ఆ సమాధానాన్ని ఎర్రమల్లెలు, కావ్య, పోతన వంటి రకాల రూపంలో ఇచ్చింది మన వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానమే. అయితే ఉల్లికోడులోనూ కొత్త జీవరూపాలు, అంటే అదే పురుగులో వేరే రకాలు, పుడుతుంటాయి కనుక, ఒకనాడు తట్టుకున్న రకం మరొకనాడు లొంగిపోతుంది. మళ్లీ సంకరం చేయాలి, మళ్లీ ఏరాలి.

అందువల్ల మీకు ఒక విన్నపం. ఏటా వానాకాలం నాట్లకు ముందు మీరు విత్తనాల ధరలు, కొరత గురించి వార్తలు రాస్తున్నారు. వాటి పక్కనే వరంగల్, జగిత్యాల స్థానాల నుంచి వచ్చిన ఒక్కొక్క రకం ఏ పురుగును, ఏ తెగులును తట్టుకుంటుందో, దాన్ని రూపొందించడానికి ఎన్నేళ్లు పట్టిందో, ఇప్పుడు ఆ శక్తి ఏమేరకు నిలిచి ఉందో శాస్త్రవేత్తలను అడిగి, రోహిణి కార్తెలోపే ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
హనుమకొండ