ఒకే నంబరు, రెండు ఎరుపులు: మీ ఎంబ్రాయిడరీ దారంపై ఫిర్యాదు

నాయుడుపేట,
తిరుపతి జిల్లా.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
ఎంబ్రాయిడరీ దారాల విభాగం.

విషయం: "రంగు దిగదు" అని ముద్రించిన ముదురు ఎరుపు దారం రంగు దిగడం, దానివల్ల నాలుగు నెలల పని పాడవడం గురించి.

అయ్యా / అమ్మా,

ఆరేళ్లుగా మీ కంపెనీ దారాలే వాడుతున్నాను. నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలకు కూడా మీ దారమే కొనమని చెబుతూ వచ్చాను. ఈ ఫిర్యాదును మీ కస్టమర్ కేర్ చాట్‌లో మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ "పరిష్కరించాం" అని మూసేశారు. ఏదీ పరిష్కారం కాలేదు. అందుకే మొదటి నుంచి చివరి దాకా జరిగింది జరిగినట్టు ఈ ఉత్తరంలో రాస్తున్నాను. దయచేసి ఓపిగ్గా చదవండి.

నేను బట్ట ముక్కలతో ప్రకృతి దృశ్యాలు కూర్చి, వాటి మీద పక్షులను దారంతో బొమ్మ గీసినట్టు కుడతాను. మాకు దగ్గర్లోనే పులికాట్ సరస్సు ఉంది, నేలపట్టు ఉంది. చలికాలం వస్తే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లలో ఫ్లెమింగోలు నిలబడి ఉంటాయి. నేలపట్టులో చెరువులోని చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే కాబట్టి నా సూదికి ఎప్పుడూ అవే వస్తాయి.

ఈసారి కుట్టింది పులికాట్ మీద తెల్లవారే వేళ. 36 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు. ముందున్న బురద నేలకు మంగళగిరి నూలు ముక్కలు పేర్చాను, ఒడ్డున సర్కారు తుమ్మ పొదలకు పాత ఖద్దరు వాడాను. నీళ్లకు మాత్రం మా అమ్మ వెంకటగిరి చీర తీశాను. ఉతికీ ఉతికీ పొరలా పలచబడిన తెల్ల చీర. కింద లేత నీలం బట్ట పరిచి పైన ఆ చీర వేస్తే ఎండ ఇంకా పడని నీళ్లలాగే కనిపిస్తుంది. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. కొంగు, అంచు దాచుకుని, మధ్య భాగం నుంచే ఒక ముక్క కత్తిరించుకున్నాను. దానికి మనసు గట్టి చేసుకోవడానికే వారం పట్టింది.

ఆ నీళ్లలో ఏడు ఫ్లెమింగోలు. ఐదు తలలు వంచి మేస్తున్నవి, రెండు రెక్కలు విప్పినవి. దూరం నుంచి చూసినవాళ్లకు ఫ్లెమింగో అంటే గులాబీ రంగు పక్షి. దగ్గరకు వెళ్తే ఒంటి మీద గులాబీ ఉందా లేదా అన్నంత లేతగా ఉంటుంది, తెలుపే ఎక్కువ. అసలు ఎరుపంతా రెక్కలో ఉంటుంది. రెక్క ముడిచినప్పుడు ఆ ఎరుపు అంచు మాత్రమే తొంగిచూస్తుంది. విప్పినప్పుడు ముదురు ఎరుపు, దాని చివర నల్లటి ఈకలు ఒక్కసారిగా కనబడతాయి. నా బొమ్మకు ప్రాణం ఆ రెండు విప్పిన రెక్కలే.

ఆరు పోగుల దారంలోంచి ఒక్క పోగు విడదీసి, దానితోనే కుడతాను. లాంగ్ అండ్ షార్ట్ కుట్టులో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఈక ఎటు వాలితే అటు. ఒక షేడ్ వరుస చివర్లలోకి తర్వాతి షేడ్ కుట్లు చొరబడాలి. అప్పుడే ఒక రంగు ఎక్కడ ఆగిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. ఒక రెక్కకు మీ షేడ్ కార్డులోని ఐదు నంబర్లు వాడాను, పాల తెలుపు నుంచి ముదురు ఎరుపు దాకా. ఐదింటి మధ్య తేడా చాలా కొద్ది. అరచేతిలో పట్టేంత పక్షికి తొమ్మిది, పది సాయంత్రాలు పడుతుంది. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా పనిలో షేడ్ నంబరు ఎంత ముఖ్యమో మీకు తెలియాలని. మీరు కార్డు మీద వేసిన నంబరును నమ్మే మేం రంగులు లెక్క వేసుకుంటాం.

ఆ ముదురు ఎరుపు దారం నవంబరులో నాలుగు కట్టలు మీ వెబ్‌సైట్‌లోనే కొన్నాను. ఏ ముదురు రంగు కొన్నా ముందు పరీక్షించడం నాకు అలవాటు. ఒక మూర దారం తడిపి, తెల్ల నూలు గుడ్డలో మడిచి, మీద బరువు పెట్టి రాత్రంతా ఉంచుతాను. పొద్దున చూస్తే గుడ్డ తెల్లగానే ఉంది. మీ లేబుల్ మీద కూడా "రంగు దిగదు, ఉతకవచ్చు" అని ఉంది. నిశ్చింతగా మొదలుపెట్టాను.

జనవరిలో రెండో పక్షి రెక్క సగంలో ఉండగా దారం అయిపోయింది. అదే వెబ్‌సైట్‌లో, అదే నంబరుతో ఇంకో రెండు కట్టలు తెప్పించాను. వాటిని పరీక్షించలేదు. అదే కంపెనీ, అదే నంబరు, అదే లేబుల్ అయినప్పుడు మళ్లీ పరీక్ష ఎందుకు అనుకున్నాను. రాత్రి ట్యూబ్‌లైటు కింద కుట్టాను, తేడా కనబడలేదు. మర్నాడు వరండాలో ఎండ వెలుతురులో చూస్తే కొత్త దారం ఇటుక రంగు వైపు తిరిగి ఉంది. పాతది కుంకుమ ఎరుపు. విప్పేద్దామనుకున్నాను. కానీ అంత పలచటి చీరలో వందల కుట్లు విప్పితే రంధ్రాలు మిగులుతాయి, బట్ట చిరుగుతుంది. పక్క షేడ్ కుట్లు కొన్ని అదనంగా వేసి ఆ తేడాను వీలైనంత సర్దాను. అప్పుడే మీకు ఫిర్యాదు చేయాల్సింది. రంగు కాస్త మారడంతోనే సరిపోయిందిలే అనుకుని ఊరుకున్నాను.

మార్చి రెండో వారంలో పని పూర్తయింది. గీతలు గీసిన నీలం మార్కరు పోవడానికి, చేతి జిడ్డు, ఫ్రేము బిగించిన ముడతలు పోవడానికి చివర్లో ఒకసారి తడపక తప్పదు. పెద్ద టబ్బులో చల్లటి నీళ్లు. సబ్బు లేదు, వేడి లేదు. బట్ట ముంచి నిమిషం కూడా కాలేదు. రెండో పక్షి రెక్క చుట్టూ గులాబీ రంగు పొగలా లేచింది. వెంటనే బయటికి తీశాను. అప్పటికే చీర ముక్క మీద రెక్క కింద నుంచి జానెడు పొడవున చార దిగింది. ఆరితే మరక పట్టేస్తుందని తెలుసు కాబట్టి ఆరనివ్వకుండా రాత్రి పదకొండింటి దాకా నీళ్లు మారుస్తూనే ఉన్నాను. ఎన్నిసార్లు మార్చినా నీళ్లు ఎర్రగానే వచ్చాయి. పక్కనే ఉన్న పాల తెలుపు కుట్లు ఆ ఎరుపు తాగేశాయి. మొదటి పక్షి రెక్క మాత్రం చెక్కు చెదరలేదు. అది నవంబరు దారంతో కుట్టింది.

మర్నాడు రెండు కొనుగోళ్లలోనూ మిగిలిన దారాలు చెరొక మూర తీసి, ఒకే రోజు, ఒకే నీళ్లతో, వేర్వేరు తెల్ల గుడ్డల్లో మడిచి పెట్టాను. నవంబరు దారం పెట్టిన గుడ్డ తెల్లగా ఉంది. జనవరి దారం పెట్టిన గుడ్డ మీద దారం పడుకున్న ఆకారం మొత్తం ఎర్రగా అచ్చు పడింది. ఆ రెండు గుడ్డలనూ, రెండు దారాలనూ, లేబుళ్లనూ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. బిల్లుల కాపీలు, ఫోటోలు కూడా ఉన్నాయి.

మీ చాట్‌లో మొదట వచ్చిన జవాబు, "ముదురు రంగులను విడిగా ఉతకండి" అని. చీరో చొక్కానో అయితే విడిగా ఉతకవచ్చు. కుట్టులో ఎర్ర దారం, తెల్ల దారం ఒకే బట్టలో పక్కపక్కనే ఉంటాయి. ఎంబ్రాయిడరీ దారం రంగు దిగకూడదన్న నియమం వచ్చిందే అందుకు. రెండో జవాబు, ఏడు రోజుల రిటర్న్ గడువు దాటిందని. దారం రంగు పోతుందో లేదో కుట్టి తడిపాకే బయటపడుతుంది. ఏడు రోజుల్లో ఒక్క పక్షి కూడా పూర్తి కాదు. మూడోసారి 200 రూపాయల కూపన్ ఇస్తామన్నారు. ఆ కూపన్ నేను వాడలేదు, వాడను.

వెంకటగిరిలో నూలుకు రంగులు వేసే పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఆయనకు రెండు దారాలూ చూపించాను. నూలుకు రియాక్టివ్ రంగు వేశాక, పోగుకు పట్టకుండా మిగిలిన రంగు పూర్తిగా పోయేదాకా మరిగే నీళ్లలో మళ్లీ మళ్లీ జాడించాలని, ఎరుపు, మెరూన్ లాంటి వాటికి ఈ పని ఇంకా ఎక్కువసార్లు చేయాలని, అక్కడ తొందరపడితే మిగిలిన రంగు కొన్నవాళ్ల ఇంట్లో దిగుతుందని చెప్పారు. మీ దారం విషయంలో జరిగింది అదేనా, ఇంకేదైనానా అన్నది మీ ఫ్యాక్టరీ రికార్డుల్లో ఉంటుంది. ఉతుకుడుకు రంగు ఎంత నిలుస్తుందో పరీక్షించి 1 నుంచి 5 దాకా గ్రేడు ఇస్తారు కదా, 5 అంటే అస్సలు దిగలేదని. జనవరిలో నాకు పంపిన లాటుకు, అంటే ఒకే విడతలో రంగు వేసిన దారానికి, ఆ పరీక్ష చేశారా, చేస్తే ఏ గ్రేడు వచ్చింది? ఈ ప్రశ్నకు నాకు రాతపూర్వకంగా జవాబు కావాలి.

నేను అడుగుతున్నది ఇదీ. ఆ రెండు కట్టల డబ్బు చాలా చిన్నది, దాని గురించి కాదు ఈ ఉత్తరం. ఈ బొమ్మను 18,000 రూపాయలకు ఒకరు ముందుగా చెప్పి చేయించుకున్నారు. వాళ్లు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశాను. ఆ 18,000 మీరు చెల్లించాలి. అమ్మ చీరకు వెల కట్టి అడగలేను, అడగడం లేదు. ఆ లాటు దారం ఇంకా ఎవరెవరికి అమ్మారో మీ దగ్గర లెక్క ఉంటుంది. వాళ్లందరికీ, వాళ్లు బట్ట తడపకముందే, మెసేజ్ పంపండి. పెళ్లి బ్లౌజు కుడుతున్నవాళ్లు ఉండొచ్చు, ఉయ్యాల దుప్పటి కుడుతున్నవాళ్లు ఉండొచ్చు. ఇది నా డబ్బు కన్నా ముందు జరగాలి. ఇకపై ప్రతి కట్ట లేబుల్ మీద షేడ్ నంబరు పక్కనే లాటు నంబరు కూడా ముద్రించండి. ఊలు అమ్మేవాళ్లు ఎప్పటి నుంచో ముద్రిస్తున్నారు. అది ఉంటే జనవరిలో కట్ట విప్పగానే వేరే లాటు అని తెలిసేది, పరీక్షించుకునేదాన్ని.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ నెల చూస్తాను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మా జిల్లా కమిషన్‌కు వెళ్తాను. అక్కడి దాకా రాకుండా మీరే న్యాయం చేస్తారని ఆశిస్తున్నాను. మీ పాత దారం నిజంగా మంచిది. మొదటి పక్షి రెక్కే అందుకు సాక్ష్యం.

బట్టను మీకు పోస్టులో పంపను. ఫోటోలు చాలకపోతే మీ మనిషిని పంపండి, మా ఇంట్లో చూపిస్తాను. ఆ రాత్రి తర్వాత దాన్ని మళ్లీ తడపలేదు, ఇస్త్రీ చేయలేదు. తెల్ల తువ్వాలులో చుట్టి, ఎండ తగలకుండా బీరువాలో ఉంచాను.

ఇట్లు,
మీ కస్టమర్