పండితుడి కోసం ఆగవద్దు

హైదరాబాదు

ప్రియ మిత్రమా,

మీ కాలనీలోని పెద్దవాళ్లతో కలిసి ఒక అధ్యయన బృందం మొదలుపెట్టాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. అయితే పాఠం చెప్పే పండితుడు దొరికేదాకా ఆగుదామన్న నీ ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు.

ఇటువంటి ప్రయత్నం 1973లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో మొదలైనప్పుడు విశ్వవిద్యాలయమే రిటైరైనవారికి తరగతులు నడిపింది. 1980ల తొలినాళ్లలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చరిత్రకారుడు పీటర్ లాస్లెట్, ఆయన సహచరులు ఆ పద్ధతిని మార్చి, పరీక్షలూ పట్టాలూ లేకుండా సభ్యులే ఒకరికొకరు నేర్పుకోవాలన్నారు. ఇక్కడ చిక్కడపల్లిలో మా బృందం పట్టుకున్నది ఈ రెండో దారినే. పెద్ద వక్తను పిలిస్తే జనం వస్తారు, వింటారు, టీ తాగి వెళ్లిపోతారు; వచ్చే వారం తానే మాట్లాడాలని తెలిసిన మనిషి మాత్రం ఆ వారమంతా పుస్తకం వదలడు.

మేము ఎంచుకున్న విషయం మూసీ నది. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకావిడ 1908 సెప్టెంబరు 28 నాటి వరద గురించీ, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి ఆనాడు దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకోవడం గురించీ చెప్పారు. ఆ తర్వాత మరొకాయన మళ్లీ అలాంటి వరద రాకుండా ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారు ఇచ్చిన సలహాలనూ, 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ జలాశయాల కథనూ అందుకున్నారు. ఆ కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి కనుక, మాలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఉర్దూ లిపి నేర్పడం మొదలుపెట్టారు. పడవలాంటి ఒకే గీతకు కింద ఒక చుక్క పెడితే ‘బే’, పైన రెండు పెడితే ‘తే’. డెబ్బై దాటిన ఒక సభ్యుడు ఇంట్లో ట్రంకుపెట్టెలో పడివున్న పాత దస్తావేజు తెచ్చి, కూడబలుక్కుంటూ తండ్రి పేరు తానే చదివారు. ఆ పేరు మీద నుంచి ఆయన వేలు చాలాసేపు కదలలేదు. ఏ వక్త వచ్చి ఆ సంతోషాన్ని ఇవ్వగలడు, చెప్పు?

ఏర్పాట్ల సంగతి పెద్దగా లేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్లెక్కలేరు కనుక కింది అంతస్తులోనే కూర్చోండి. చీకటిపడక ముందే ముగించండి. జిరాక్సులు పెద్ద అక్షరాల్లో తీయించి, వినికిడి తగ్గినవారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. టీకీ జిరాక్సులకూ సరిపడా చందా చాలు. నలుగురైదుగురు ఉన్నా మొదలుపెట్టేయవచ్చు. కానీ తాను చెప్పడానికేమీ లేదనే మనిషిని మాత్రం వదిలిపెట్టకు. బట్టల దుకాణం నడిపిన మనిషికి నేత గురించి, ఆసుపత్రిలో నర్సుగా చేసినావిడకు మందుల గురించి ఎంత తెలుసో అడిగితేనే బయటపడుతుంది.

నువ్వు నీటిపారుదల శాఖలో అన్నేళ్లు పనిచేశావు. జలాశయం నిండుతున్నప్పుడు ఏ గేటు ఎప్పుడు, ఎంత ఎత్తాలో ఎలా నిర్ణయిస్తారో మాలో ఎవరికీ తెలియదు. వచ్చే నెల వచ్చి ఆ ఒక్క విషయం మాకు చెప్పు. రెండు రోజులు మా ఇంట్లోనే ఉండి, మేము ఎలా నడుపుతున్నామో నీ కళ్లతో చూసి వెళ్లు. ఏ తేదీకి వీలవుతుందో రాయి.

నీ మిత్రుడు