నా మోకాలి చప్పుడు ఓపిగ్గా విన్నవాళ్లకు

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. వయసు 47. ఎనిమిది నెలలు నన్ను ఏడిపించిన కుడి మోకాలు ఇప్పుడు కుదుటపడింది. దానికి కారణమైన నలుగురికీ ఎదురుగానే చేతులు జోడించి చెప్పాను. అయినా మనసు ఊరుకోక ఇక్కడ కూడా రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకుని చదవండి. నాలా భయపడి కూర్చున్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉండొచ్చు.

మా పనంతా నేల మీదే. మూడేళ్ల నుంచి ఆరేళ్లలోపు పిల్లలు. ఒకడికి ముక్కు తుడవాలి, ఒకదానికి చెప్పు తొడగాలి, ఇంకొకడు పాలు ఒలకబోస్తాడు. కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. లేచినప్పుడల్లా కుడి మోకాల్లో టక్కుమనేది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. ఒకరోజు ఒక పాప నా మోకాలికి చెవి ఆనించి, "టీచర్, లోపల ఎవురున్నారు?" అని అడిగింది. ఆ రోజు నవ్వుకున్నాను.

తర్వాత కుటుంబంతో నరసింహకొండకు వెళ్లాం. ఎక్కేటప్పుడు ఏమీ అనిపించలేదు. దిగేటప్పుడు మోకాటి చిప్ప వెనక సూదితో పొడిచినట్టు మొదలైంది. కిందికి వచ్చేసరికి మా అమ్మాయి భుజం పట్టుకుంటే తప్ప అడుగు పడలేదు. అప్పటి నుంచి కింద కూర్చుని లేవాలన్నా, డాబా మెట్లు దిగాలన్నా, బస్సులో ఎక్కువసేపు కాలు ముడుచుకుని కూర్చున్నా నొప్పే.

ఒకచోట చూపించుకున్నాను. ఎక్స్‌రే తీయించి, "గుజ్జు అరిగిపోయింది, చప్పుడు అందుకే. కింద కూర్చోవద్దు, మెట్లు ఎక్కొద్దు, ఇంజెక్షన్లు వేయించుకో, ముందు ముందు ఆపరేషన్ తప్పదు" అన్నారు. నా మోకాలిని ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడలేదు. ఆ మాటతో నాకు టెన్షన్ పట్టుకుంది. టక్కుమన్న ప్రతిసారీ లోపల ఇంకాస్త అరిగిపోతోందనే లెక్క. నడక మానేశాను. నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులో మంట. నూనెలు, మోకాలికి తొడిగే పట్టీలు, ఎవరేం చెప్తే అది. నాలుగు నెలల్లో తగ్గకపోగా, కుర్చీలోంచి లేవడానికి కూడా చేతులు ఊనాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో మా సెంటర్ ఆగకుండా నడిచిందంటే మా ఆయా అక్క వల్లే. పిల్లల బరువు తూచడం, కింద కూర్చోబెట్టి తినిపించడం, సరుకులు దించుకోవడం, అన్నీ తనే చూసుకుంది. నేను అడగకముందే వాళ్లింటి నుంచి ఎత్తు పీట ఒకటి తెచ్చి వేసింది. "నువ్వు దీని మీద కూచుని రిజిస్టర్లు రాసుకో టీచరమ్మా, కింద పని నేను జూసుకుంటా" అంది. అక్కా, తన పనికి తోడు నా పని కూడా మోసి ఒక్క రోజు కూడా విసుక్కోని మనిషిని నేను నిన్నే చూశాను. నీ రుణం నేను తీర్చుకోలేను.

రెండో మనిషి మా వదిన. నేను ఇంజెక్షన్ల కోసం చీటీ డబ్బులు ఎత్తబోతుంటే ఆపింది. "ముందు పెద్దాసుపత్రిలో ఇంకొకరికి చూపిద్దాం పా" అని, తన మిషన్ కుట్టు పని పక్కన పెట్టి నాతో వచ్చింది. పెన్నా బ్రిడ్జి దాటి నెల్లూరు దర్గామిట్టలోని ఆ ఆసుపత్రికి వెళ్లేసరికి ఓపీ దగ్గర ఎంత జనమో. లైన్లో తను నిలబడి, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది.

అక్కడ చూసిన డాక్టరుగారు ముందు ప్రశ్నలు వేశారు. మోకాలు వాస్తోందా? మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకుండా అవుతోందా? కాలు జావగారినట్టయి పడిపోబోయారా? దెబ్బ తగిలిందా? ఎర్రగా, వేడిగా అయి జ్వరం వచ్చిందా? అన్నిటికీ లేదన్నాను. వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలట, ఎందుకంటే లోపల ఏదైనా చిరిగి ఉండొచ్చు, లేదా చీము పట్టి ఉండొచ్చు. నా పళ్ల మీది గోధుమరంగు మచ్చలు చూసి "మీ పుట్టిల్లు ఎక్కడ?" అని అడిగారు. కనిగిరి వైపు అన్నాను. ఆ ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా, ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయేవాళ్లను మేమంతా చిన్నప్పటి నుంచి చూసినవాళ్లమే. అందుకని మెడ తిప్పించి, నడుం వంచించి చూశారు. అది కాదని తేల్చాక నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

పాత ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, "గుజ్జు ఎక్స్‌రేలో కనపడదమ్మా. ఎముకల మధ్య సందు చూసి అంచనా వేస్తాం. మీ వయసులో ఈ మాత్రం మార్పు నొప్పి లేనివాళ్లలో కూడా ఉంటుంది" అన్నారు. ఇంజెక్షన్లు ఇప్పుడు అవసరం లేదని ఫిజియోథెరపీకి రాశారు. సార్, ఆ జనంలో కూడా మీరు నాకు ఇంత వివరంగా చెప్పారు. ధన్యవాదాలు.

ఇక ఫిజియోథెరపీ మేడమ్. వయసులో మా అమ్మాయికంటే నాలుగేళ్లు పెద్దదై ఉంటుందేమో. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, అరచెయ్యి మోకాటి చిప్ప మీద పెట్టి, కాలు మెల్లగా చాపి ముడవమంది. టక్కుమంది. నేను ముఖం చిట్లించాను. "ఇప్పుడు నొప్పి వచ్చిందా, భయం వేసిందా?" అని అడిగింది. ఆలోచిస్తే నొప్పి రాలేదు. ఆ ప్రశ్న నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

తర్వాత నా వేళ్లు పట్టుకుని "మెటికలు విరుచుకుంటారు కదా, అప్పుడు చప్పుడొస్తే ఎముక విరిగినట్టా?" అంది. కీలు లోపల జిగురు లాంటి ద్రవం ఉంటుందట. కీలు కదిలినప్పుడు లోపలి ఒత్తిడి మారి ఆ ద్రవంలో గాలి బుడగ ఏర్పడుతుంది, టక్కుమంటుంది. ఒక్కోసారి ఎముక అంచు మీద నరంలాంటి గట్టి తాడు జారినా చప్పుడొస్తుంది. ఇసుక రాసినట్టు కరకర అంటే చిప్ప వెనక నునుపు కొంత తగ్గిందని అర్థం, అది కూడా వయసుతో చాలామందికి వచ్చేదే. నొప్పి, వాపు లేకుండా ఒట్టి చప్పుడే ఉంటే దానికి వైద్యం అక్కర్లేదు. నాకు చప్పుడు ఒకటి, నొప్పి ఇంకొకటి. నేను రెంటినీ ముడేసుకుని కూర్చున్నాను.

మరి నొప్పి ఎందుకు? నీలం టేపు తీసి రెండు తొడలూ ఒకే ఎత్తులో కొలిచింది. కుడి తొడ రెండు సెంటీమీటర్లు సన్నబడింది. ఆ టేపు నా చేతికే ఇచ్చి చదవమంది. నాలుగు నెలలు కాలును కాపాడుకుంటున్నానని అనుకున్నాను, ఆ కండ కరిగిపోతోందని తెలియనే లేదు. మోకాటి చిప్ప తొడ ఎముక చివర ఉన్న గాడిలో పైకీ కిందికీ జరుగుతుంది. మెట్లు దిగేటప్పుడు దాని మీద మన బరువుకు మూడింతలకు పైగా భారం పడుతుందట. తొడ, పిరుదు కండరాలు పట్టులేకపోతే ఆ భారమంతా చిప్ప వెనకే పడుతుంది. కొండ దిగుతుంటేనే నొప్పి ఎందుకు మొదలైందో అప్పుడర్థమైంది.

నేర్పిన పనులు చూడ్డానికి చాలా చిన్నవి. మోకాలి కింద తువాలు చుట్ట పెట్టుకుని దాన్ని నొక్కి పట్టడం. వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా జానెడు ఎత్తడం. పక్కకు తిరిగి పడుకుని, మడమలు కలిపి ఉంచి, పై మోకాలు తలుపు తీసినట్టు తెరవడం. ఈ మూడోదే నాకు అన్నిటికంటే కష్టమైంది, తుంటి పక్క కండ మండిపోయేది. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని చేతులు ఊనకుండా లేవడం. మొదట కుర్చీ మీద రెండు దిళ్లు వేసుకుని ఎత్తు పెంచి, వారం పది రోజులకొకటి తీసేశాను.

నొప్పికి పదికి మార్కులు వేసుకోమంది. మూడు దాకా వస్తే ఫరవాలేదు, చేయండి. అంతకు మించినా, మర్నాడు పొద్దుటికి తగ్గకపోయినా, లెక్క తగ్గించండి, అంతేగానీ మానొద్దు అంది. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. నేల మీద నుంచి లేవాలంటే ఒక మోకాలి మీద నిలబడి, పీట మీద చెయ్యి వేసి లేవడం. బరువు ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని చెప్పింది. రాత్రి అన్నం తగ్గించి మూడు కిలోలు తగ్గాను.

మొదటి నెల ఏ మార్పూ లేదు. వదిలేద్దామనుకున్నాను. ఆ మాట అంటే మేడమ్ కోప్పడలేదు, "కండ పెరగడానికి ఆరు వారాలన్నా పడుతుందమ్మా, నాకు ఇంకో నెల ఇవ్వండి" అని అడిగింది. ఇచ్చాను. ఏడో వారంలో ఒకరోజు డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకుని కిందికి దిగాక గుర్తొచ్చింది, రెయిలింగ్ పట్టుకోలేదని. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

సెంటర్లో కుర్చీ వ్యాయామం పిల్లల ముందే చేసేదాన్ని. నేను లేచినప్పుడల్లా వాళ్లు ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెట్టేవాళ్లు. ఇప్పుడు పదిహేను దాకా తడుముకోకుండా చెప్తున్నారు. చిన్నారులూ, మీకు కూడా నా ధన్యవాదాలు, పెద్దయ్యాక ఎవరైనా చదివి వినిపిస్తారు.

పోయిన వారం మేడమ్ మళ్లీ కొలిచింది. రెండు తొడలకూ తేడా అర సెంటీమీటరు. మోకాలు ఇప్పటికీ టక్కుమంటూనే ఉంది, నొప్పి మాత్రం ఎప్పుడో ఎక్కువ పని చేసిన రోజున ఒకటో రెండో మార్కులు. మల్లెపూలు తీసుకెళ్లి ఇస్తే వెంటనే జడలో పెట్టుకుంది. తల్లీ, నువ్వు ఇది చదువుతావో లేదో, నీ చల్లని చెయ్యి వల్ల నేను మళ్లీ పిల్లల పక్కన నేల మీద కూర్చుంటున్నాను.

కోవూరు, కొడవలూరు వైపు ఎవరైనా ఇలాగే నొప్పితో ఉండి, నెల్లూరుకు ఒంటరిగా వెళ్లడానికి వెనకాడుతుంటే ఇక్కడ ఒక మాట రాయండి. ఆదివారం కాకుండా ఏ సెలవు రోజైనా ఓపీ ఉంటే నేను తోడు వస్తాను, లైన్లో నేను నిలబడతాను.