నానిన శనగల్లా ఉబ్బిన బ్రేకు కప్పులు: మీ కంపెనీకి ఫిర్యాదు

పటమట, విజయవాడ.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ప్రీమియర్ పద్మిని బ్రేకు రిపేరు కిట్లలో (రెండు) పనికిరాని రబ్బరు. డబ్బు వాపసు ఇవ్వాలని, మిగతా కొనుగోలుదారులను హెచ్చరించాలని కోరుతూ.

నమస్కారం. కొనేటప్పుడు మీ యాప్ మొత్తం తెలుగులోనే చూపించింది కాబట్టి ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. ఆర్డరు నంబరు, బిల్లు ఈ మెయిల్‌కు జత చేశాను.

నా కారు 1978 పద్మిని. మా నాన్నగారు కొన్నది. ఆయన పోయాక తొమ్మిదేళ్లు షెడ్డులో టార్పాలిన్ కింద ఉండిపోయింది. రెండేళ్లుగా ఆదివారాలు నేనే దాని పని చేసుకుంటున్నాను. టింకరింగ్, పెయింటింగ్ మాత్రం జవహర్ ఆటోనగర్‌లో చేయించాను. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టుకున్నాను, హెడ్‌లైట్లకు రిలే వేశాను, సీటు బెల్టులు బిగించాను. ఇంజన్ జోలికి మాత్రం పోలేదు. డీజిల్ ఇంజన్ పెట్టేయమని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా యాభై ఏళ్లు నిండిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నా బండికి 2028లో యాభై నిండుతాయి. వింటేజ్ బండ్లకు ఇచ్చే ఆ ‘వీఏ’ నంబరు ప్లేటు మీద నాకు ఆశ ఉంది. అందుకే ఆ 1089 సీసీ ఇంజన్, స్టీరింగు పక్కన గేరు అన్నీ అలాగే ఉంచాను.

ఇక బ్రేకుల సంగతి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పెడల్ తొక్కితే చక్రాలకు ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండరు సింగిల్ సర్క్యూటుది, అంటే నాలుగింటికీ ఒకే దారి. అందులో ఆయిల్ జారకుండా పట్టి ఉంచే రబ్బరు కప్పు ఒక్కటి చెడితే నాలుగు బ్రేకులూ పోతాయి. అందుకే పాత రబ్బర్లన్నీ మార్చేద్దామని మీ దగ్గర రెండు కిట్లు తీసుకున్నాను, ఒకటి వాడకానికి, ఒకటి దాచుకోవడానికి. ఒక్కోటి రూ. 1,850. ‘అన్ని మోడళ్లకూ సరిపోతుంది, ఒరిజినల్ క్వాలిటీ’ అని మీ పేజీలో ఉంది.

కిట్ వేసి, కొత్త డాట్ 3 రకం బ్రేకాయిల్ పోసి, బ్రేకు గొట్టాల్లో గాలి తీసి, వీధిలో రెండు రౌండ్లు తిప్పాను. పెడల్ చక్కగా ఉంది. పన్నెండు రోజుల తర్వాత, తెల్లవారుజామున ట్రాఫిక్ ఉండదు కదా అని బెంజి సర్కిల్ మీదుగా వారధి వైపు తీసుకెళ్లాను. బండి బరువుగా లాగుతోంది. హ్యాండ్‌బ్రేక్ వేసి మర్చిపోయానేమో అని చూశాను, లేదు. వారధి ఎక్కేసరికి లైనర్ కాలిన వాసన. పక్కకు ఆపి డ్రమ్ము మీద నీళ్లు చిలకరిస్తే చుర్రుమన్నాయి. నాలుగు చక్రాలదీ అదే పరిస్థితి. పెడల్ మీద కాలు వేస్తే రాయిలా ఉంది, ఏమాత్రం ఖాళీ లేదు. ఒక చక్రం దగ్గర గాలి తీసే నిపిల్ వదులు చేయగానే ఆయిల్ చిమ్మింది, చక్రాలన్నీ ఒక్కసారిగా ఫ్రీ అయ్యాయి. అక్కడి నుంచి ఇంటికి టోయింగ్ బండి మీదే వచ్చాం, నేనూ మా కారూ.

మాస్టర్ సిలిండరు విప్పితే కారణం కనపడింది. మీ కప్పు అంచు నానబెట్టిన శనగలా ఉబ్బి మెత్తబడింది. పెడల్ వదిలాక ఆయిల్ వెనక్కి డబ్బాలోకి పోవడానికి సిలిండరులో సూదిమొన పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. ఉబ్బిన కప్పు దానికి అడ్డుపడింది. వెళ్లిన ప్రెషర్ తిరిగి రాక బ్రేకులు పట్టేసే ఉన్నాయి. రద్దీలో, లారీ ముందు ఇది జరిగి ఉంటే ఈ ఉత్తరం ఇంకెవరో రాయాల్సి వచ్చేది.

మీకు మూడుసార్లు మెయిల్ పెట్టాను. మొదటిదానికి యంత్రం జవాబిచ్చింది. రెండోదానికి, ‘ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లో బిగించలేదు కనుక వారంటీ వర్తించదు’ అన్నారు. అయ్యా, పద్మిని తయారీ ఆగి ఇరవై ఏళ్లు దాటింది. ఆ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చెబితే నేనే కాదు, దేశంలో పద్మిని ఉన్నవాళ్లంతా మీకు రుణపడి ఉంటారు. మూడోసారి, నేను తప్పు ఆయిల్ పోశానని తేల్చి, రూ. 200 కూపన్ పంపి, ‘సమస్య పరిష్కరించబడింది’ అని మూసేశారు.

దానికి నా జవాబు ఇది. సీల్ తీయని మీ రెండో కిట్‌ను ఆటోనగర్‌లో మా మేస్త్రి ముందే తెరిచాను. మీ కప్పు ఒకటి, అక్కడి షాపులో నలభై రూపాయలకు కొన్న అదే సైజు కప్పు ఒకటి తీసుకుని వెర్నియర్‌తో కొలిచాం. రెండూ 22.4 మిల్లీమీటర్లు. అప్పటికప్పుడు సీల్ తీసిన డాట్ 3 ఆయిల్ ఒకే స్టీలు గ్లాసులో పోసి రెండిటినీ అందులో వేశాను. వారం తర్వాత షాపు కప్పు 22.5, మీది 24.6. గ్లాసులో ఉన్నది తప్పు ఆయిలే అయితే, షాపు కప్పు ఎందుకు ఉబ్బలేదు? ఇంట్లోవాళ్లు ఆ గ్లాసు కోసం ఇప్పటికీ వెతుకుతున్నారు, అది వేరే సంగతి.

బ్రేకాయిల్ పేరుకే ఆయిల్. డాట్ 3 అంటే గ్లైకాల్ రకం ద్రవం. ఇంజన్ సీళ్లకు వాడే నైట్రైల్ రబ్బరు ఇంజన్ ఆయిల్‌లో బాగానే ఉంటుంది, దీనిలో పడితే ఉబ్బుతుంది. ఎవరో అలాంటి రబ్బరుతో అచ్చు పోసి మీకు అంటగట్టారని నా అనుమానం. ఆ ఎవరో ఎవరన్నది ప్యాకెట్ చూస్తే తెలియదు. తయారీదారు పేరు లేదు, తయారైన నెల లేదు, ఎంఆర్‌పీ లేదు. మీ బార్‌కోడ్ స్టిక్కర్ ఒక్కటే ఉంది. ప్యాకెట్ సరుకుల మీద ఆ వివరాలు ఉండి తీరాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలే చెబుతున్నాయి.

రెండు కిట్లకు రూ. 3,700, డెలివరీకి 120, టోయింగ్‌కు 1,500, కాలిపోయిన లైనర్లకు 1,600, మళ్లీ పోసిన ఆయిల్‌కు 480. మొత్తం రూ. 7,400 నా ఖాతాలో వేయండి, కూపన్‌గా వద్దు. అంతకంటే ముఖ్యం, ఈ కిట్ కొన్న ప్రతి ఒక్కరికీ ‘బండి బయటకు తీయవద్దు’ అని ఇవాళే మెసేజ్ పంపండి. వాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గరున్నాయి, నా దగ్గర లేవు. ఈ ఉత్తరం రాసే సమయానికి కూడా ఆ కిట్ మీ పేజీలో ‘స్టాకులో మూడే మిగిలాయి’ అని కనిపిస్తోంది. దాన్ని తీసేయండి, తయారీదారు పేరు నాకు రాతపూర్వకంగా ఇవ్వండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆపైన ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు.

రెండో కిట్‌లో మిగిలిన సామాను మీ కొరియర్ వస్తే రసీదు తీసుకుని ఇస్తాను. ఉబ్బిన కప్పులు మాత్రం ఇవ్వను. అవి, ఆ గ్లాసుతో సహా, నా దగ్గరే ఉంటాయి.

ఇట్లు,
మీ కస్టమర్