పేరు చెప్పని సోదరికి కృతజ్ఞతలు

హైదరాబాదులోని ఒక జంతు సంరక్షణ కేంద్రం నుంచి మేము దత్తత తెచ్చుకున్న లాబ్రడార్ ఈనాడు మా పిల్లల మధ్య ఆరోగ్యంగా తిరుగుతోందంటే, అందుకు కారణం అక్కడ స్వచ్ఛందంగా సేవ చేస్తూ, తన పేరు బయట పెట్టవద్దని కోరిన ఒక సోదరి.

కూన కోసం వెళ్లిన మాకు, యజమానులు వదిలేసిన ఈ పెద్ద కుక్కను చూపించి, సుమారు 30 కిలోలు తూగే ఈ జాతికి రెండు పూటలా నడక తప్పదనీ, తిండిపై ఆశ ఎక్కువ కనుక కొలిచి పెట్టకపోతే బరువు పెరిగి తుంటి కీళ్లకు ముప్పనీ, రెండు పొరల బొచ్చుతో మన మే నెల ఎండలకు తాళలేదనీ ఆమె ఎంతో ఓపికగా వివరించారు. పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష, రేబిస్ టీకా చేయించాకే మాతో పంపారు.

మా అపార్ట్‌మెంట్ సంఘం అభ్యంతరం చెప్పినప్పుడు, పెంపుడు కుక్కలను సంఘాలు నిషేధించరాదంటూ భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను తెచ్చి, పెద్దలకు మర్యాదగా నచ్చజెప్పినదీ ఆమే. ఇది మాకు అన్నిటికన్నా పెద్ద సాయం. ఖర్చులు ఇవ్వబోతే, ఆ సొమ్ముతో కేంద్రంలోని ముసలి కుక్కలకు మందులు కొనమన్నారు, అలాగే చేశాము.

అమ్మా, మా కుటుంబమంతా మీకు రుణపడి ఉన్నాము.