బందరు చరిత్ర ప్రసంగాలు: ఒక విన్నపం

సంపాదకుడు గారికి,

బందరు చరిత్ర మీద ప్రసంగాలు పెట్టేవారికి ఒక మాట. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరం పెట్టిన సంగతి హాల్లో చెప్పినా సరిపోతుంది. డచ్చివారి సమాధుల సంగతి మాత్రం అక్కడికి తీసుకెళ్లి చూపించాల్సిందే. ఉదయం ఏడింటికల్లా మొదలుపెట్టండి. ఏటవాలు ఎండలో చెక్కడాలకు నీడ పడి అక్షరాలు తేలతాయి. మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే రాయి చదునుగా వస్తుంది. మబ్బు పడితే టార్చిలైటు రాతికి పక్కనుంచి వేయాలి. అక్షరాలు కనబడాలని సుద్ద పూయడం, ఇనుప బ్రష్షుతో రుద్దడం దయచేసి మానండి. ఉప్పుగాలికి గుల్లబారిన పైపొర పెచ్చులుగా లేచిపోతుంది, ఆ అక్షరం ఇక తిరిగి రాదు.

పెద్దలు చెప్పే ఉప్పెన కబుర్లు రికార్డు చేసేటప్పుడు, ఎవరి నోట విన్నారో అడిగి రాసుకోండి. లేకపోతే 1864 నవంబరు 1 నాటి ఉప్పెన, 1977 నాటి దివిసీమ ఉప్పెన ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

- చరిత్రాభిమానులు, మచిలీపట్నం